కాపులో ఉన్న నిమ్మని, దానిమ్మని, వాక్కాయని చోటు మార్చాం

క్రిందటేడు సంక్రాంతికి మా ఇంట్లో పంపకాలు తేలిపోయాయి. శ్రీకాకుళంలో నాగావళి గట్టుకి దగ్గరగా ఉన్న పాత ఇల్లు మాకు మిగిలింది, వెనక పెరడు చిన్నాన్న వాటాకి పోయింది. దసరా వెళ్లాక అక్కడ పునాదులు తీస్తామని పిన్ని ముందుగానే చెప్పింది. గొడవేం లేదు. కానీ ఆ పెరట్లో చెట్లన్నీ అమ్మ పెంచినవి. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ దాటాక మాకు కాస్త జాగా ఉంది. బోరూ కంచే ఉన్నాయి, లోపల నాలుగు టేకు మొక్కలు తప్ప ఏమీ లేవు. బతికేవాటిని అక్కడికి పట్టుకుపోదామన్నాను.

ఇంట్లో ఒక్కరూ ఊఁ అనలేదు. కాపుకొచ్చిన చెట్టుని కదపకూడదని అమ్మ. కూలి దండగని తమ్ముడు. "ఆ డబ్బు పెడితే నర్సరీలో పాతిక మొక్కలొస్తాయి" అని మావారు. డబ్బు లెక్క చూసుకుంటే మావారు అన్నదే నిజం. నిమ్మ మొక్క కొత్తగా పాతితే కాపుకి మూడు నాలుగేళ్లు పడుతుంది, అంతే. మూడు నాలుగేళ్లు ఆగగలిగినవాళ్లు ఇంత పని పెట్టుకోనక్కర్లేదు. అమ్మకి డెబ్బై దాటాయి. ఆ నిమ్మకాయలు పల్చటి తొక్కతో పిండితే రసం ధారగా వచ్చేవి. గింజ మొక్క కాబట్టి అదే రకం నర్సరీలో దొరుకుతుందన్న భరోసా లేదు. నా వాదనంతా ఇంతే.

అలాగని అన్నీ మోసుకుపోదామనుకోలేదు. బొప్పాయి కదిపితే బతకదు, బతికినా బాగా కాసేది మూడు నాలుగేళ్లే. మునగకి కొమ్మ నరికి పాతితే సరిపోతుంది, చెట్టుని తవ్వడమెందుకు. సీతాఫలం గింజలు ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి. పనస తల్లివేరు ఎక్కడిదాకా దిగిందో దేవుడికే తెలియాలి, దాని జోలికి పోలేదు. జామ నాకంటే పెద్దది కాదు గాని కాండం రెండు చేతులకి గాని అందదు. దానికి వేరే దారి ఉంది, తరవాత చెబుతాను. చివరికి మిగిలినవి నిమ్మ ఒకటి, గుబురుగా పెరిగిన దానిమ్మలు రెండు, ప్రహరీ వెంబడి వాక్కాయ పొదలు. వాక్కాయ కూడా ఎందుకని తమ్ముడు ఎగతాళి చేశాడు. పప్పులో వాక్కాయ లేకపోతే వానాకాలం వచ్చినట్టే ఉండదని అనేది కూడా వాడే.

తవ్వకానికి మా వీధి చివరి తాతని పిలిచాం. వయసులో ఉన్నప్పుడు కడియం నర్సరీలకి పనికి వెళ్లి అక్కడ చాలా ఏళ్లున్నాడు. నిలువెత్తు చెట్లని వేళ్లతో సహా తీసి లారీలకెక్కించి ఇతర రాష్ట్రాలకి పంపే ఊరది. ఆయన నిమ్మచెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "ఎప్పుడు తియ్యాల తల్లీ?" అన్నాడు. జూన్‌లో వానలు పడ్డాక అన్నాను. "అయితే ఇప్పుడే మొదలెట్టాల. జేష్ఠంలో వొచ్చి తవ్వీసి పట్టుకుపోతే అది కట్టెలకే పనికొత్తాది" అన్నాడు.

చెట్టుకి లావు వేర్లు నిలబడడానికి, పీచువేర్లు నీరు తాగడానికి. ఏళ్లు గడిచిన చెట్టుకి ఆ పీచువేర్లు మొదలు దగ్గర పెద్దగా ఉండవు, కొమ్మల నీడ అంచుల్లోనూ దాటి బయటా ఉంటాయి. మనం మోయగలిగిన మట్టిగడ్డలో వచ్చేవి ఎక్కువగా లావు వేర్లే. అంటే ఒక్కసారిగా తవ్వి తీస్తే నీరు తాగే నోళ్లన్నీ పాత పెరట్లోనే ఉండిపోతాయి. అందుకే కొన్ని నెలల ముందు చుట్టూ కొంచెం కొంచెంగా కోసి, కోసిన చోట కొత్త పీచువేర్లు పుట్టనివ్వాలి. అవి గడ్డతోపాటు వస్తాయి. నేను తరవాత పడ్డ కష్టాలన్నీ ఈ సన్నటి వేర్లని కాపాడుకోవడానికే.

కాండం ఎన్ని అంగుళాల లావుంటే గడ్డ అన్ని పది అంగుళాల వెడల్పు ఉండాలని ఒక లెక్క ఉంది, పన్నెండు వేసుకుంటే ఇంకా మంచిది. మా నిమ్మ మొదలు రెండున్నర అంగుళాలు. చుట్టూ సున్నంతో గీత గీసి నాలుగు పావులు చేశాం. సంక్రాంతి వెళ్లాక ఎదురెదురుగా ఉన్న రెండు పావుల్లో పార వెడల్పున, అడుగున్నర లోతున కాలవ తీశాడు తాత. అడ్డొచ్చిన వేర్లని పారతో చితక్కొట్టలేదు, రంపంతోనూ కత్తితోనూ నున్నగా కోశాడు. చితికిన వేరు కుళ్లుతుంది, నున్నటి కోతకి చుట్టూ కొత్త వేర్లొస్తాయి. కాలవ మళ్లీ అదే మట్టితో నింపకుండా ఇసుక, మాగిన గత్తం (పశువుల పేడ ఎరువు), ఆకుల ఎరువు కలిపి నింపాం. మిగిలిన రెండు పావులు శివరాత్రి దాటాక. నడివేసవిలో ఈ పని పెట్టుకుంటే చెట్టు తట్టుకోలేదు, అందుకే ఎండలు ముదరకముందే అయిపోవాలి. దానిమ్మలకీ ఇలాగే, కాస్త చిన్న చుట్టుతో. వాక్కాయకి అంత శ్రద్ధ అక్కర్లేదని తాత కొట్టిపారేశాడు. "దాన్ని సంపడం ఎవుడి తరం" అన్నాడు.

ఆ తరవాత వేసవంతా చేసింది ఒకటే పని, ఆ కాలవలు ఎండకుండా చూడడం. ఎరువు వెయ్యలేదు. వేసవి మధ్యలో నిమ్మ ఆకులు కాస్త పసుపెక్కితే మా ఎదురింటాయన యూరియా చల్లమన్నాడు. కోసిన వేర్ల మీద యూరియా పడితే మాడతాయి. ఆ మాట ఆయనకి చెప్పలేదు, "అలాగేనండీ" అని ఊరుకున్నాను.

ఈ లోపు ఎచ్చెర్ల జాగాలో ఇంకో చిక్కు. నాగావళి పక్కన మా పెరడంతా ఒండ్రు ఇసుక. అక్కడేమో ఎర్ర గరువు, అడుగు దాటితే జిగట. గుంత తీసి నీళ్లు నింపి చూశాం. ఒక చోట మర్నాటి పొద్దుటికీ నీళ్లు నిలిచే ఉన్నాయి. అక్కడ నిమ్మ పాతితే ఒక్క వానాకాలంలో వేరుకుళ్లు వచ్చి పోతుంది. ఆ చోటు వదిలేసి, ఇంకొంచెం మెరకలో తవ్వితే కొన్ని గంటల్లో ఇంకిపోయింది. అక్కడే ఖాయం చేశాం.

ఇసుక గడ్డని తీసుకెళ్లి జిగట నేలలో దించితే నీరు అటూ ఇటూ సమంగా నడవదు. వాన పడ్డప్పుడు చుట్టూ మట్టి నీరు వదలక గుంత తొట్టిలా నిండుతుంది. వాన లేనప్పుడు చుట్టూ మట్టి తడిగానే కనిపిస్తుంది, మధ్యలో ఇసుక గడ్డ మాత్రం ఎండిపోతుంది, ఎందుకంటే సన్న మట్టి ఇసుకలోని తడిని తన వైపు లాగేసుకుంటుంది. ఇది నాకు చెప్పింది వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మా మావగారు. గుంత లోతు పెంచకుండా వెడల్పు పెంచమన్నారు. గునపంతో తవ్వితే గోడలు నున్నగా, అద్దినట్టు తయారవుతాయి, వేరు వాటిని తొలుచుకోలేక లోపలే తిరుగుతుంది, కాబట్టి గోడలు గీకి గరుగ్గా చెయ్యమన్నారు. తవ్విన ఎర్ర మట్టిలో పాత పెరటి ఇసుక ఒకటికి ఒకటి కలిపి గోడకీ గడ్డకీ మధ్య నింపమన్నారు. గుంతలో కడుపునిండా గత్తం వెయ్యాలని నేను అనుకుంటుంటే అదీ వద్దన్నారు, కుళ్లేకొద్దీ చెట్టు కిందికి దిగిపోతుందట. గత్తం పైన పరచడానికే. ఎర్ర నేలలో చెదలు ఎక్కువ కాబట్టి వేపపిండి మాత్రం పిడికెళ్లతో కలిపాం.

మృగశిర కార్తె జూన్ రెండో వారంలోపే వచ్చేస్తుంది, రుతుపవనాలు మావైపు వచ్చేదీ అటూ ఇటూగా అప్పుడే. కానీ మొదటి జల్లులని నమ్మకూడదు. రెండు వానలు కురిసి మళ్లీ వడగాడ్పులు వీచే రోజులవి. ఆరుద్ర పట్టాక, రెండు మూడు పెద్ద వానలు పడి నేల లోపలికంటా తడిశాకే కదిపాం. అప్పటికే వాక్కాయ నిండా పచ్చికాయలు. కదపబోయే చెట్టు మీద కాయా పూతా ఉంచకూడదు, ఉన్న కాస్త సత్తువా వాటికే పోతుంది. వాక్కాయలన్నీ కోసి ఊరగాయ పెట్టింది అమ్మ. నిమ్మ పిందెలు దులుపుతుంటే మాత్రం అటు చూడలేదు.

ముందురోజు సాయంత్రం మొదళ్లలో నిండా నీళ్లు పెట్టాం. పొడి ఇసుక గడ్డగా నిలవదు, తడి ఇసుక కాస్త నిలుస్తుంది. తాత చెయ్యి చూడాల్సింది ఇక్కడే. జనవరిలో తీసిన కాలవ బయటి అంచు నుంచి తవ్వడం మొదలెట్టాడు, లోపలి అంచు నుంచి కాదు. కాలవ మట్టిలో తెల్లటి వేర్లు దారాల్లా అల్లుకుని ఉన్నాయి, దాన్ని ఇసుమంత కూడా రాలనివ్వలేదు. ఒక మూర దిగాక తవ్వకం ఆపి, గడ్డ ఇంకా నేలకి అంటుకుని ఉండగానే చుట్టూ తడి గోనెసంచులు చుట్టి కొబ్బరి తాడుతో బిగించాడు. మట్టి మంచిదైతే గడ్డ తీశాక కట్టొచ్చు. ఇసుకలో మాత్రం ముందు కట్టు, తరవాత కోత. తాళ్లు బిగిశాకే కింద నుంచి చెక్కుతూ వచ్చి, తల్లివేరుని రంపంతో కోశాడు. బొటనవేలంత లావున్న కోతలకి నేను మైలుతుత్తం సున్నం ముద్ద పూశాను. నూరు గ్రాముల మైలుతుత్తం, నూరు గ్రాముల సున్నం, లీటరు నీళ్లు. ఇనప గిన్నెలో కలపకూడదు, ప్లాస్టిక్ బకెట్లో కలపాలి.

నిమ్మ ముళ్లు, వాక్కాయ ముళ్లు సంగతి చెప్పనక్కర్లేదు. కొమ్మలన్నీ పైకి దగ్గరకి లాగి పాత చీరతో చుట్టేస్తే మనుషులు దగ్గరికి రాగలరు. చీరలు చాలక పెట్టెలో ఉన్న పొందూరు పంచె ఒకటి తెస్తే మావారు చేతిలోంచి లాక్కున్నారు.

కొమ్మలు ఎంత కొయ్యాలన్న దగ్గర తాతకీ మావగారికీ పడలేదు. వేరు తగ్గింది కాబట్టి తల కూడా తగ్గాలని, సగం కొట్టెయ్యమని తాత. ఆకులే లేకపోతే కొత్త వేర్లకి తిండి ఎక్కడిదని మావగారు. నిమ్మకి మధ్యేమార్గం: లోపల ఒరుసుకునే కొమ్మలు, ఎండుపుల్లలు, నిట్టనిలువుగా ఎదిగే నీటి కొమ్మలు తీసేసి మొత్తం మీద మూడోవంతు తగ్గించాం. బోడి చేస్తే కాండానికి ఎండ తగిలి బెరడు పగులుతుంది, అందుకని సున్నం కూడా కొట్టాం. దానిమ్మకి మొదట్లోంచి వచ్చిన పిలకలన్నీ తీసేసి గట్టి కాండాలు నాలుగే ఉంచి నడుమెత్తుకి కోశాం. వాక్కాయని మోకాలెత్తుకి నరికేశారు, పాలు కారి చేతులన్నీ బంక. తలకి రాసుకునే కొబ్బరినూనెతో గాని వదల్లేదు. తియ్యకముందు కాండాల మీద ఉత్తరం వైపు సున్నం బొట్టు పెట్టాను. పాత చోట ఏ వైపు ఎండ తగిలిందో కొత్త చోటా అదే వైపు తగలాలి.

ఎత్తడం అసలు పని. రెండున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న తడి మట్టిగడ్డ మూడు క్వింటాళ్లు దాటుతుంది. అమ్మకి నిమ్మచెట్టు చిన్నగానే కనిపిస్తుంది, ఇద్దరు మనుషులు చాలనుకుంది. తమ్ముడు ఉత్సాహంగా కాండం పట్టుకోబోతే తాత గట్టిగా అరిచాడు. "సెట్టుని అట్టుకోకు బాబూ! కాండం లాగితే గడ్డ కింద ఉండిపోద్ది. గడ్డనే మొయ్యాల." గుంతకి ఒక పక్క వాలుగా దారి తీసి, గడ్డని కొంచెం వొరిగించి కింద టార్పాలిన్ దూర్చి, ఇంకో వైపు వొరిగించి దాన్ని లాగి, అందరూ కలిసి ఆ వాలు మీంచి పైకి జార్చారు. అక్కణ్ణించి వెదురు బొంగులకి తాళ్లు కట్టి కావడిలా మోశారు. పెరటి గుమ్మం వెడల్పు ముందే కొలిచిపెట్టాను, గడ్డ పట్టదని తేలింది, పిన్ని వాళ్ల ప్రహరీ ఎలాగూ పడగొట్టేదే కాబట్టి ఒక మూల ఇటుకలు తీయించుకున్నాం.

ట్రాలీ ఆటోలో కింద గడ్డి పరిచి గడ్డలు దించి, ఇటూ అటూ ఇసుక బస్తాలు దన్ను పెట్టాం. తెల్లవారకముందే బయల్దేరాం. హైవే మీద గాలికి ఆకుల్లో తడి అర్ధగంటలో పోతుంది. చీర చుట్టినా దాని మీద తడి గోనె కప్పాం, డ్రైవర్‌కి మెల్లగా వెళ్లమని చెప్పి వెనక నేను కూర్చున్నాను.

పాతడం తేలిగ్గా అయిపోయింది. గుంతలు తయారుగా ఉన్నాయి, గడ్డ కింద మట్టి తొక్కి గట్టి చేశాం, లేకపోతే దిగబడుతుంది. పాత నేల మట్టం ఎక్కడుందో కాండం మీద గుర్తుంటుంది, దానికంటే రెండు అంగుళాలు పైకే ఉంచాం, ఆ నేలలో నీరు నిలవకుండా. గోనె అలాగే ఉంచేసి మొదలు దగ్గర తాళ్లు మాత్రం కోసేశాం. గోనె నేలలో కుళ్లిపోతుంది, తీయబోతే ఇసుక గడ్డ విచ్చిపోతుంది. ప్లాస్టిక్ గోనె అయితే మాత్రం తీసి తీరాలి. సగం మట్టి నింపి నీళ్లు పోసి, అది దిగాక మిగతా సగం. పైన గత్తం, ఆ పైన కొబ్బరి డొక్కలు, ఎండుటాకులు, మొదలుకి జానెడు దూరంగా. ఎండ కాసే వైపు పచ్చ షేడ్‌నెట్ కట్టాం.

ఆ తరవాతి పది పదిహేను రోజులు నాకు నిద్ర లేదు. నిమ్మ ఆకులు ముందు దొన్నెల్లా ముడిచాయి, తరవాత పసుపెక్కి రాలడం మొదలెట్టాయి. అమ్మ ఫోన్‌లో రోజూ ఒకటే మాట, "సచ్చిపోనాదేటే?" మావగారు వచ్చి చూసి, "రాలుతున్నాయి కదా, మంచిదే" అన్నారు. ఆకు తనంతట తాను రాలాలంటే కొమ్మలో ప్రాణం ఉండాలి, తొడిమ దగ్గర విడదీసే పని బతికున్న కొమ్మే చేస్తుంది. ఆకు ఎండి గోధుమ రంగుకి మారి కొమ్మకే అంటిపెట్టుకుని ఉంటే ఆ కొమ్మ పోయినట్టు. వేలితో తాకితే నిమ్మ ఆకులు టపటపా రాలాయి. దానిమ్మ ఒకదానిలో ఒక కాండం మీద మాత్రం ఆకులు ఎండి అలాగే వేలాడాయి. గోటితో బెరడు గీకితే లోపల పచ్చదనం లేదు. ఆ కాండం కోసేశాం, మిగతా మూడూ నిలిచాయి.

నీళ్లు పెట్టే విషయంలో నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. చుట్టూ మట్టిని చూసి నీళ్లు పొయ్యకూడదు. డొక్కలు తీసి గడ్డ మధ్యలో వేలు పెట్టి చూడాలి. బయట ఎర్ర మట్టి ముద్దగా ఉన్నా లోపల ఇసుక చాలాసార్లు పొడిగా తగిలింది, మావగారు చెప్పింది చెప్పినట్టే. అందుకే పాది చిన్నదిగా, సరిగ్గా గడ్డ మీద కట్టి, అక్కడే మెల్లగా పోసేవాళ్లం. వరసగా వానలు పడ్డ రోజుల్లో పాది తెగ్గొట్టి నీరు బయటికి పోనిచ్చాం. రోజూ రెండు పూటలా పైపు పెట్టే ఆరాటం చాలామందికి ఉంటుంది, నా లెక్కలో చోటు మారిన చెట్లని ఎక్కువగా చంపేది అదే.

శ్రావణంలో వాక్కాయకి మోడు చుట్టూ ఎర్రటి చిగుళ్లు. తాత అన్నదే నిజం. దానిమ్మ తరవాత. నిమ్మ అన్నిటికంటే ఆలస్యంగా, భాద్రపదంలో కళ్లు విప్పింది. చిగురు వచ్చిందని సంబరపడి ఎరువు వెయ్యకూడదు. మొదటి చిగురు చెట్టులో దాచుకున్న సత్తువతో వస్తుంది, వేరు పట్టిందని గుర్తు కాదు. ఆ ఆకులు ముదిరి, రెండో చిగురు వచ్చాకే వేపపిండి, కాస్త గత్తం వేశాను. లేత నిమ్మ చిగురు అంటే పురుగులకి విందు. ఆకు మీద వెండి గీతలు పాముల్లా తిరిగితే ఆకు తొలిచే పురుగు, పక్షి రెట్టలా కనిపించేది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. గొంగళ్లని చేత్తో ఏరేశాం. ఆకు తొలిచే పురుగుకి లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రాలు కొట్టాం. ఉన్న నాలుగు ఆకులూ పోతే మళ్లీ చిగురు పెట్టే ఓపిక ఆ ఏడు చెట్టుకి ఉండదు కాబట్టి ఈ పని వాయిదా వెయ్యలేదు.

మావైపు ఇంకో భయం ఉంది, తుపానులు. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ అప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు ఎలా పడుకున్నాయో చూసినవాళ్లం. కవిటి దగ్గర మా మేనమామ పడిన లేత జీడి మొక్కలని వెంటనే నిలబెట్టి, పైకి తేలిన వేర్లని మట్టితో కప్పి, కొమ్మలు కోసి, ఊతలు కట్టాడు. కొన్ని బతికాయి. మొదటి ఏడాది చోటు మారిన చెట్టుకి నేలలో పట్టే ఉండదు, మామూలు ఈదురుగాలికే గడ్డ అటూ ఇటూ ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ కొత్త పీచువేర్లు తెగుతాయి. దసరాకి ముందే నిమ్మకి మూడు వైపులా నేలలో మేకులు దిగ్గొట్టి తాళ్లు కట్టాం, కాండానికి తగిలే చోట పాత సైకిల్ ట్యూబు చుట్టి. తాడు మరీ బిగించకూడదు, మొదలు కదలకూడదు గాని తల కాస్త ఊగాలి. ఊగితేనే కాండం గట్టిపడుతుంది. ఆ ఏడు తుపాను మా మీదికి రాలేదు, గాలివానలు వచ్చాయి, చెట్లు నిలబడ్డాయి.

జామ సంగతి చెబుతానన్నాను. ఆ చెట్టుని కదపడానికి క్రేను కావాలి. వానలు మొదలవగానే పెన్సిల్ కంటే కాస్త లావున్న కొమ్మలకి గాలి అంట్లు కట్టాను. అంగుళం వెడల్పున బెరడు చుట్టూ ఒలిచి, జిగురు పొర గీకేసి, వేర్లు తెప్పించే పొడి పూసి, తడిపి పిండిన కొబ్బరి పొట్టు ముద్ద పెట్టి పాలిథిన్‌తో రెండు వైపులా గట్టిగా కట్టాలి. ఆ జిగురు పొర మిగిలితే బెరడు మళ్లీ అతుక్కుపోతుంది, వేర్లు రావు. నెలన్నర దాటాక పాలిథిన్ లోంచి తెల్లటి వేర్లు కనిపించాయి. కోసి సంచుల్లో పెట్టి, నీడలో కొన్నాళ్లు ఉంచి, ఎచ్చెర్లలో పాతాం. అదే కాయ, అదే ఎర్ర గుజ్జు, చెట్టు మాత్రం చిన్నది. ముందే తెలిస్తే దానిమ్మలకీ ఇదే చేసేవాళ్లం కదా అని తమ్ముడు అడిగాడు. చెయ్యొచ్చు. దానిమ్మ అయితే ముదురు కొమ్మ పుల్లలు పాతినా వస్తుంది. నిజానికి కదిపిన ప్రతి చెట్టు నుంచీ ముందుగా ఒక అంటో పుల్లో తీసి పెట్టుకున్నాను. నిమ్మ అంట్లలో ఒకటి మా ఇంటి ముందు కుండీలో ఉంది.

ఈ ఏడు మాఘంలో నిమ్మ పూసింది. పూతంతా దులిపేశాను, అమ్మకి చెప్పకుండా. తరవాతి పూతకి కొన్ని పిందెలు ఉంచాను. దానిమ్మలకి ఈ ఏడు కాయ ఉంచడం లేదు. వాక్కాయ మాత్రం మన అనుమతి కోసం ఆగే రకం కాదు, కంచె పొడుగునా కాసేసింది, పప్పుకీ పులిహోరకీ మేమూ పక్కింటివాళ్లూ వాడుకుంటున్నాం. నిమ్మ తాళ్లు ఈ వానాకాలం కూడా ఉంచుతాను, వచ్చే సంక్రాంతికి మొదలు పట్టుకుని ఊపి చూసి, మట్టి కదలకపోతే తీసేస్తాను.

ఇదంతా విన్న మా అప్ప విజయనగరంలో తన ఇంటి వెనక సువర్ణరేఖ మామిడిని కూడా ఇలాగే కదపమని పట్టుబట్టింది, అక్కడ గ్యారేజీ కడతారట. వెళ్లి చూశాను. రెండు చేతులా కౌగిలించుకునేంత కాండం. "అప్పా, దీన్ని తియ్యాలంటే నీ ఇల్లు ముందు తియ్యాలి" అన్నాను. ఈ వేసవి తిన్న మామిడి టెంకలు నాలుగు సంచుల్లో పాతిపెట్టమని, మొలిచి రాగి రంగు ఆకులున్నప్పుడే ఈ చెట్టు పుల్లలు తెచ్చి అంటు కడతానని చెప్పాను. "నాలుగు టెంకలూ నా చెట్టూ ఒకటేనేటే?" అని అలిగింది. టెంకలు మాత్రం పాతిందని బావ ఫోన్ చేసి చెప్పాడు.